ఏప్రిల్ కాగితం వెనక రాసుకున్న ప్రశ్నలు

మా బీరువాలో చీరల కింద 2024 ఏప్రిల్ నెల క్యాలెండర్ కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. నెల అయిపోగానే చింపి, వెనకవైపు తెల్లగా ఉంది కదా అని ప్రశ్నలు రాసుకున్నాను. ఓట్లడగడానికి వచ్చేవాళ్ళను అడుగుదామని. మొత్తం ఏడు. ఒక్కటీ పూర్తిగా అడగలేకపోయాను.

మే మొదటి వారంలో అసెంబ్లీ అభ్యర్థి మా వీధికి వచ్చాడు. ఊరి పేరు రాయను, పల్నాడు వైపు అనుకోండి చాలు. రాస్తే ఆయనెవరో మీరు ఇట్టే పట్టేస్తారు. తర్వాత వచ్చిన అవతలి పార్టీ ఆయన కూడా అచ్చం అలాగే చేశాడు కాబట్టి ఒక్కరినే అనడం న్యాయం కాదు. ముందు డప్పులు, వెనక కండువాలు, మధ్యలో చెమటలు కక్కుతూ ఆయన. నా రెండు చేతులూ పట్టుకుని, "ఆశీర్వదించండమ్మా, పింఛను పెంచుతున్నాం" అన్నాడు.

"నాది పీఎఫ్ పింఛను బాబూ" అన్నాను.

"అది కేంద్రం చేతిలో ఉంటుందమ్మా, ఎంపీ గారు చూసుకుంటారు" అనేసి పక్కింటి గుమ్మం ఎక్కాడు.

ఎంపీ అభ్యర్థి నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. వచ్చాడు అనకూడదు, వెళ్ళాడు. వ్యాను మీద నిలబడి దండం పెట్టుకుంటూ మా వీధి దాటడానికి ఆయనకు పట్టినంతసేపట్లో నేను కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేకపోయాను. కాగితం చేతిలోనే చెమటకు మెత్తబడింది.

ఇప్పుడు మళ్ళీ మా దగ్గర స్థానిక ఎన్నికల మాట వినిపిస్తోంది. ఆ కాగితం బయటికి తీశాను. ఒక ప్రశ్నకు ఈలోపే జవాబు దొరికింది. మిగతావి అలాగే ఉన్నాయి, కొన్ని ఇంకాస్త ముదిరాయి.

ముందు నా సంగతి చెప్పాలి. 1996లో ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో చేరి 22 ఏళ్ళు జీతాల లెక్కలు రాశాను. మొదట్లో చేత్తో, తర్వాత కంప్యూటర్లో. మస్టర్ చూసి హాజరు ఎక్కించడం, పీఎఫ్ కటింగ్ వేయడం, నెల నెలా చలానా కట్టించడం నా పని. దారం చుట్టే వైండింగ్ సెక్షన్ ఆడవాళ్ళు జీతాల రోజు కిటికీ దగ్గరకొచ్చి "ఈ పీఎఫ్ ఏందమ్మా, ఇంత కోస్తన్నారు" అని అడిగేవాళ్ళు. "ముసలితనంలో మీకే వస్తుందే, పింఛను ఇస్తారు" అని నేనే చెప్పేదాన్ని. ఎన్ని వందల మందికి చెప్పి ఉంటానో. అందుకే ఈ ప్రశ్నలు నా ఒక్కదానివి కావు. అప్పట్లో నేను ఇచ్చిన మాట అది.

ఆ లెక్క ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం: జీతంలోంచి కార్మికుడి వాటా 12 శాతం పీఎఫ్‌కి పోతుంది. యజమాని కూడా 12 శాతం కడతాడు, కానీ అందులో 8.33 శాతం 1995 నవంబరు 16 నుంచి అమల్లోకి వచ్చిన ఈపీఎస్ అనే పింఛను పథకానికి మళ్ళుతుంది. ఎంత జీతం ఉన్నా పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతానికి ఒక గీత ఉంది. మొదట 5,000, 2001 నుంచి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. 58 ఏళ్ళు నిండాక ఆ జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తే వచ్చేది నెల పింఛను. అంటే 15,000 జీతం మీద 35 ఏళ్ళు లెక్కకొచ్చినవాడికి 7,500. మాలాంటి వాళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం 6,500 గీత కిందే పోయింది. నాకు వచ్చేది 2,514 రూపాయలు.

2018 జూన్‌లో రిటైరయ్యాను. మొదటి నెల 2,514 పడింది. పోయిన నెల కూడా 2,514 పడింది. రిటైరైన ఏడాది నా బీపీ బిళ్ళలూ మా ఆయన షుగరు బిళ్ళలూ కలిపి నెలకు 640 అయ్యేవి, డైరీలో రాసి ఉంది. ఇప్పుడు 1,150. లెక్కలు రాసిన చెయ్యి కదా, ఇంటి ఖర్చు కూడా వదలదు.

అందుకే కాగితం మీద మొదటి ప్రశ్న ఇది: నా పింఛను ధరలతో పాటు ఎందుకు పెరగదు? ప్రభుత్వ ఉద్యోగులకు ధరలను బట్టి ఏడాదికి రెండుసార్లు డీఏ, అంటే కరువు భత్యం, పెరుగుతుంది. ఈపీఎస్‌లో అలాంటిది లేదు. కనీస పింఛను 1,000 అని 2014 సెప్టెంబరులో పెట్టారు. దానికి ముందు ఏడాదే, 2013లో, భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కనీసం 3,000 ఇవ్వమని సిఫారసు చేసింది. 3,000 అడిగితే వెయ్యి వచ్చింది, అదీ అక్కడే కూర్చుంది. పింఛనుదారులు ఢిల్లీలో, ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి 7,500, దాని మీద డీఏ కావాలని ధర్నాలు చేస్తున్నారు. మా మిల్లులో పనిచేసిన జాబర్ ఒకాయన 71 ఏళ్ళ వయసులో రెండుసార్లు ఢిల్లీ వెళ్ళొచ్చాడు, రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో.

ఇంత వరకూ నాకు కోపం లేదు, విసుగే. కోపం ఎక్కడొచ్చిందంటే, 2025 మార్చిలో పేపర్లో ఒక వార్త చదివాను. ఎంపీల జీతం లక్ష నుంచి 1,24,000 అయింది, మాజీ ఎంపీల పింఛను 25,000 నుంచి 31,000 అయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ఎందుకు పెరిగిందని చూస్తే, ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ జనరల్ బోగీలో వెళ్ళలేదు. 2018లోనే చట్టం మార్చుకున్నారు. ఐదేళ్ళకోసారి ధరల సూచీని బట్టి దానంతట అదే పెరిగేలా రాసుకున్నారు. 2018. నేను రిటైరైన ఏడాది. వాళ్ళ పింఛనూ నా పింఛనూ ఒకే ఏడాది మొదటి అడుగు వేశాయన్నమాట. ఒకటి నడుస్తోంది, ఒకటి నిలబడిపోయింది.

ఎంపీలకు పింఛను ఉండకూడదని నేను అనను. కొందరు అంటారు. ఊళ్ళు తిరిగి, ఆస్తులు పోగొట్టుకుని చివరికి అద్దె ఇంట్లో పోయిన పాతకాలం నాయకుల గురించి మా నాన్న చెప్పేవాడు. నేను అడిగేది ఒక్కటే. ధరలు పెరిగితే పింఛను పెరగాలని మీకు తెలుసు, ఆ లెక్క ఎలా కట్టాలో తెలుసు, చట్టంలో ఏ వాక్యం రాస్తే సరిపోతుందో కూడా తెలుసు. ఆ వాక్యం మాకు రాయడానికి ఏం అడ్డొచ్చింది? "నిధి సరిపోదు" అని జవాబిస్తే వింటాను, లెక్క చూపిస్తే చదువుతాను. నిధి సరిపోకపోతే ఆ గీతను 13 ఏళ్ళ పాటు 6,500 దగ్గరే ఎందుకు ఉంచారని మళ్ళీ అడుగుతాను.

ఇక్కడ ఎదురింటి వదిన సంగతి రావాలి. ఆమె జీవితమంతా మిరప కోతలకూ పత్తి తీతకూ వెళ్ళింది. రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 వస్తుంది. 2024 జూలై 1న పొద్దున్నే గుమ్మంలోకొచ్చి 7,000 చేతిలో పెట్టారు, ఏప్రిల్ నుంచి నెలకు వెయ్యి చొప్పున బాకీ కలిపి. ఆ డబ్బుతో కళ్ళద్దాలు చేయించుకుంది. మా ఇంట్లో కొందరు బంధువులు "నువ్వు 22 ఏళ్ళు కట్టి రెండున్నర వేలు, ఆవిడ రూపాయి కట్టకుండా నాలుగు వేలు" అని నా తరఫున బాధపడతారు. ఆ బాధ నాకు అక్కర్లేదు. నాలుగు వేలతో నెల గడపడం అంటే ఏమిటో వాళ్ళు ఒక నెల చూడాలి. మా వదిన కట్టలేదనడం కూడా తప్పే. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆమె తరఫున నేను రాసిన ప్రశ్న వేరు. ఈ పింఛను ఉమ్మడి రాష్ట్రంలో 200 ఉండేది. 2014 ఎన్నికలయ్యాక 1,000 అయింది. 2019 ఎన్నికల ముందు 2,000. ఎన్నికలయ్యాక 2,250, తర్వాత 2,500, 2,750, 2024 ఎన్నికల ఏడాది జనవరిలో 3,000. ఎన్నికలయ్యాక 4,000. పెంచినవాళ్ళందరికీ దండం. కానీ ఈ వరస చూస్తే పింఛను ధరలను బట్టి పెరగడం లేదు, ఓట్లను బట్టి పెరుగుతోంది. ఎప్పుడైనా ఒకసారి పోటీ లేని ఎన్నికలు వస్తే మా వదిన గతేమిటి?

అలాగే ఢిల్లీ వాటా సంగతి. వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు నెలకు 200. 80 దాటితే 500. అదీ అందరికీ కాదు, వాళ్ళ లెక్కకొచ్చినంత మందికే. ఆ 500 అన్నది 2011లో పెట్టింది, 200 అంతకన్నా పాతది. వేదికల మీద మాత్రం పింఛను క్రెడిట్ కోసం అందరూ ముందుకొస్తారు. ఎంపీగా గెలిచినాయన పార్లమెంటులో లేచి ఈ 200 గురించి ఒక్కసారి అడిగితే, మా ఊళ్ళో ఆయనకు పాలాభిషేకం నేనే చేయిస్తాను. పాల ఖర్చు కూడా నాదే.

ఇక మా ఇంటి కథ. దీన్ని కాగితం మీద ఒక ప్రశ్నగా రాయలేకపోయాను, పేజీ చాలదు.

మా ఆయన లారీ డ్రైవర్. ముప్పై ఏళ్ళు తిరిగినా ఎవరూ పీఎఫ్ కట్టలేదు. ఓనర్లు మారేవాళ్ళు, లారీలు మారేవి. ఇప్పుడు 69 ఏళ్ళు, మోకాళ్ళు పట్టేశాయి. వృద్ధాప్య పింఛనుకు అప్లై చేద్దామని మా ఊరి సచివాలయానికి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మంచివాడే, మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆధార్ నంబరు కొట్టి కాసేపు స్క్రీన్ చూసి, "ఆంటీ, మీ ఇంట్లో ఐటీ చూపిస్తోంది" అన్నాడు.

ఐటీ ఏమిటి, మాకెక్కడి ఐటీ? అబ్బాయి సాఫ్ట్‌వేరా అని మా ఆయన నా వైపు చూశాడు, మా వాడు మెకానిక్ అయినా సరే. కాసేపటికి అర్థమైంది. ఆ ఐటీని నేనే.

జరిగిందేమిటంటే, నా పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు కలిపి 8 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకున్నాం. మాకున్నదంతా అదే. ఏడాదికి వడ్డీ 60,000 దాకా వస్తుంది. అప్పట్లో పెద్దవాళ్ళకు వడ్డీ 50,000 దాటితే బ్యాంకు పది శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకునేది. పట్టుకోకూడదంటే నాకు పన్ను పడదని చెప్పే 15హెచ్ ఫారం ఏప్రిల్లోనే ఇవ్వాలి. ఆ ఏడాది మా ఆయనకు కంటి ఆపరేషన్, ఆ హడావిడిలో ఫారం మర్చిపోయాను. జన్మంతా ఇంకొకళ్ళ కటింగులు రాసినదాన్ని, నా కటింగే మర్చిపోయాను. 6,000 పోయింది. వెనక్కి రావాలంటే రిటర్న్ వేయమన్నారు. ఆడిటర్‌కు 500 ఇచ్చి వేయించాను. మూడు నెలలకు డబ్బు తిరిగొచ్చింది. నేను కట్టాల్సిన పన్ను సున్నా అని ఆదాయపు పన్ను శాఖే ఒప్పుకుని డబ్బు వాపసు ఇచ్చింది. కానీ రిటర్న్ వేశాను కాబట్టి మా ఇల్లు "ఐటీ ఉన్న ఇల్లు" అయిపోయింది.

రాష్ట్రంలో పథకాలకు ఆరు దశల పరిశీలన ఉంటుంది. ఆదాయం, భూమి, కారు, ప్రభుత్వ ఉద్యోగం, కరెంటు యూనిట్లు, ఆదాయపు పన్ను. టౌన్లలో ఇంటి స్థలం లెక్క కూడా చూస్తారు. నియమంలో రాసింది పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదని. రిటర్న్ వేసినవాళ్ళు ఉండకూడదని కాదు. ఈ రెండిటికీ తేడా ఎల్‌కేజీ పిల్లాడికి చెప్పినా తెలుస్తుంది. కానీ స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వచ్చాక ఎవరి మాటా నడవదు. "నేను తీసెయ్యలేను ఆంటీ, గ్రీవెన్స్ పెడతాను" అన్నాడు. పెట్టాడు. వాపసు వచ్చిన ఉత్తరం, రిటర్న్ కాపీ, బ్యాంకు కాగితం అన్నీ జిరాక్స్ తీసి ఇచ్చాను.

ఐదు నెలలకు ఆ ఎర్ర గుర్తు పోయింది. అప్పుడు కరెంటు ఎర్రబడింది.

మాది కింద రెండు గదులు, పైన అబ్బాయి కుటుంబం. మీటరు ఒక్కటే. ఎండాకాలంలో పైన కూలర్, మనవరాలికి చిన్నప్పటి నుంచి ఆయాసం, ఫ్యాన్లు రాత్రంతా. నెలకు 300 యూనిట్లు దాటేసింది. వేరే మీటరు పెట్టించుకోండి అన్నారు. పెట్టించాం. డిపాజిట్, వైరింగ్, ఎలక్ట్రీషియన్ కూలి, అన్నీ కలిపి ఆయన రెండు నెలల పింఛను అంత అయింది, రాని పింఛను. ఆ తర్వాత వెళితే, "కొత్తవి తీసుకోవడానికి ఇంకా ఆప్షన్ ఇవ్వలేదు అంకుల్, ఇస్తే ఫోన్ చేస్తాను" అన్నాడు ఆ అబ్బాయి. తన ఫోన్ రింగైనప్పుడల్లా మా ఆయన కళ్ళజోడు వెతుక్కుంటాడు. ఎక్కువగా లోన్ కావాలా అని అడిగే అమ్మాయిలు.

సరే, అనర్హులకు వెళ్ళకూడదు, వడపోత ఉండాలి. ఒప్పుకుంటాను. కారున్నవాడు తెల్ల కార్డు పట్టుకు తిరగడం నేనూ చూశాను. నా ప్రశ్న వడపోత గురించి కాదు. కంప్యూటర్ తప్పు చూపిస్తే దాన్ని సరిచేసే అధికారం ఊళ్ళో ఎవరికి ఉంది? ఎన్ని రోజుల్లో? ఆలస్యమైన నెలల డబ్బు కలిపి ఇస్తారా? ఇది ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న, కేంద్రం మీదకు తోసేయడానికి కుదరనిది. ఆయన అడిగే అవకాశం ఇస్తే.

మా అక్క కొడుక్కి పుట్టుకతో కాలు వంకర. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉంది, దివ్యాంగుల పింఛను 6,000 వస్తుంది. 2025లో అందరినీ మళ్ళీ పరీక్షిస్తామన్నారు. వాణ్ణి తీసుకుని ఆసుపత్రికి నేనే వెళ్ళాను. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయన్న మాట అబద్ధం కాదు, ఆ వరండాలోనే ఒకతను నడుచుకుంటూ వచ్చి వీల్‌చైర్లో కూర్చోవడం చూశాను. కానీ మావాడి పక్కన ఒకావిడ, చూపులేని కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని పొద్దున ఆరింటి నుంచి కూర్చుంది. పన్నెండింటికి "రేపు రండి" అన్నారు. వాళ్ళ ఊరు నలభై కిలోమీటర్లు. ఆ ఆగస్టులో చాలామందికి పింఛను ఆపుతామన్న నోటీసులు వెళ్ళాయి, గొడవలయ్యాయి, అప్పీలు పెట్టుకోవచ్చు, అప్పటిదాకా ఆపం అన్నారు. మావాడికి శాతం మారలేదు. కాలు కూడా మారలేదు కదా మరి.

ఇప్పుడు పన్ను సంగతి, ఇందాక వదిన దగ్గర వదిలేసింది. టీవీలో చర్చలు చూస్తుంటాను. "పన్ను కట్టేవాళ్ళ డబ్బు ఉచితాలకు పోస్తున్నారు" అని ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు. ఆయన లెక్కలో పన్ను అంటే ఆదాయపు పన్ను ఒక్కటే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక మా వదిన కొన్న ప్రతి సబ్బు బిళ్ళ మీదా, తలకు రాసుకునే నూనె మీదా, పళ్ళ పేస్టు మీదా 18 శాతం కట్టింది. ఎనిమిదేళ్ళు. ఆమె కోడలి టీవీ మీద, మనవడి సెల్‌ఫోన్ మీద కట్టింది. మా ఆయన మోపెడ్‌లో పోసే పెట్రోలు జీఎస్టీలోకే రాదు. దాని మీద కేంద్రం సుంకం వేరు, రాష్ట్రం 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. ఆ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళకు ఆ రూపాయి ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలని ఉంటుంది, అది కాగితం మీద ఆరో ప్రశ్న.

అంటే నాలుగు వేలలో కొంత అదే నెలలో కిరాణా కొట్టు మీదుగా, మెడికల్ షాపు మీదుగా వెనక్కి వెళ్తుంది. 12 లక్షల ఆదాయం దాకా కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడకుండా 2025 బడ్జెట్‌లో రిబేటు ఇచ్చారు, సంతోషం, మా అల్లుడికి మేలు జరిగింది. అతన్ని ఎవరూ ఉచితాలు తింటున్నాడనలేదు. అనకూడదు కూడా. మరి వదినను ఎందుకు అంటారు?

జవాబు దొరికిన ప్రశ్న ఒకటుందన్నాను కదా, అది ఇన్సూరెన్సు. నాకూ ఆయనకూ కలిపి ఆరోగ్య బీమా ఉంది, ప్రీమియం 24,000. దాని మీద 18 శాతం, అంటే 4,320 జీఎస్టీ. జబ్బు చేస్తే దిక్కుంటుందని ముసలివాళ్ళు కట్టుకునే డబ్బు మీద పన్నేమిటని రాసుకున్నాను. 2024 జూలైలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ కూడా ఆర్థిక మంత్రికి ఇదే మాట ఉత్తరం రాశారని చదివి, నా ప్రశ్న నేను మాత్రమే అడుగుతున్నది కాదని ధైర్యం వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. సబ్బు, పేస్టు, తలనూనె 18 నుంచి 5కి వచ్చాయి, మందుల్లో చాలావరకు 12 నుంచి 5కి. నేను మాత్రం ఆ ఆగస్టులోనే ప్రీమియం కట్టేశాను. నెల రోజుల తేడాలో 4,320. మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అయినా తీసేశారు, మంచిదే. ఈ ప్రశ్న మీద అడ్డగీత కొట్టాను. ఇంతకాలం ఎందుకు తీసుకున్నారని మాత్రం పక్కన చిన్నగా రాశాను.

టీచరుగా చేస్తున్న మా మరిది కొడుకు సీపీఎస్, అంటే ప్రభుత్వ ఉద్యోగుల జీతంలోంచి కోసే కొత్త పింఛను పథకం, గురించి కూడా రాయమన్నాడు. 2004 సెప్టెంబరు నుంచి చేరిన వాళ్ళది వేరే బాధ, వారంలో రద్దు చేస్తామన్న ఎన్నికల మాట దగ్గర్నుంచి 2023లో దాని బదులు తెచ్చిన జీపీఎస్ చట్టం దాకా వాడు చెబితే రాత్రి పన్నెండయింది. వాళ్ళకు సంఘాలున్నాయి, జీతాలున్నాయి, అడగగలరు. నేను వైండింగ్ సెక్షన్ వాళ్ళ గురించే రాస్తాను.

వాళ్ళు అడగలేరని కాదు. 2016లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది, యజమాని వాటా పీఎఫ్ 58 ఏళ్ళు వచ్చేదాకా తీయడానికి వీల్లేదని. మా మిల్లులో కిటికీ దగ్గర ఒకటే గోల. "పెళ్ళికి తీసుకుందామనుకున్నానమ్మా, ఇప్పుడెట్టా?" నా దగ్గర సమాధానం లేదు, సర్క్యులర్ ఉంది. ఆ ఏప్రిల్‌లో బెంగళూరులో గార్మెంటు ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలమంది రోడ్డు మీదికొచ్చారు. ఏ పెద్ద నాయకుడూ పిలవలేదు. రెండో రోజుకే నిబంధన వెనక్కి పోయింది. పేపర్ కటింగు మిల్లు నోటీసు బోర్డు మీద అంటిస్తే మేనేజర్ తీయించేశాడు. ఇంకొకటి అంటించాను.

ఆ ఆడవాళ్ళే ఇప్పుడు నవంబరు వస్తే మా ఇంటికొస్తారు. లైఫ్ సర్టిఫికెట్ వేయించుకోవడానికి. ముప్పై ఏళ్ళు నూలు దారం పట్టి పట్టి వేళ్ళు నున్నగా అయిపోయాయి, మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు, కాబట్టి మా అరుగు మీద వెలుతురులో ఒక్కొక్కళ్ళనూ కూర్చోబెట్టి మా మనవరాలి ఫోన్‌తో వేస్తాను. "కళ్ళు ఆర్పు పిన్నీ" అంటే మొత్తానికి మూసేసుకుంటారు. బతికే ఉన్నామని నిరూపించుకోవడానికి ఇన్ని తంటాలు. వీళ్ళలో వెయ్యి రూపాయలు వచ్చేవాళ్ళు ఐదుగురు. ఆ వెయ్యికి ఆటోలో రానూపోనూ అరవై. "నువ్వు చెప్పావుగా అమ్మాయీ, ముసలితనంలో వస్తాయని" అంటుంది వాళ్ళలో ఒకావిడ. తప్పు పట్టి కాదు, నవ్వుతూనే అంటుంది. అది మాత్రం నిద్ర పట్టనివ్వదు.

మొన్న ఆదివారం మా వీధి చివరి కుర్రాడు వచ్చాడు. వార్డుకు నిలబడదామనుకుంటున్నాడట, ఏ పార్టీయో ఇంకా తేలలేదు. చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు, అదే నాకు ఆశ్చర్యం. కాగితం చూపించాను. పైనుంచి కిందికి చదివి, "పిన్నీ, ఇందులో నా చేతిలో ఉన్నది ఒక్కటీ లేదే" అన్నాడు.

"ఐటీ, కరెంటు మీటరు సంగతి?"

తల గోక్కున్నాడు. "ఎంపీడీవో ఆఫీసులో అడుగుతాను. బాబాయ్ ఆధార్ నంబరు పంపించు." కాగితానికి ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. మొదటి ప్రశ్న దగ్గర వేలు పెట్టి, ఈ ఎంపీల చట్టం సంగతి నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. వాళ్ళ నాన్న కూడా మా మిల్లులోనే దూది శుభ్రం చేసే బ్లోరూంలో చేశాడు, పింఛను 1,430.

ఆధార్ నంబరు పంపించాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. కాగితాన్ని మళ్ళీ బీరువాలో పెట్టాను, ఈసారి చీరల కింద కాదు, పైన.